మేడమీది గదికి దారి

రాజమహేంద్రవరంలో మే నెల మధ్యాహ్నం గడవడం మహా కష్టం. గోదావరి గట్టున నిలబడినా వడగాలే తప్ప చల్లగాలి తగలదు. నా బాల్యంలో ఆ కష్టాన్ని మేము పుస్తకాలతో దాటేవాళ్లం. ఉదయం గౌతమీ గ్రంథాలయంలో గడిపి, మధ్యాహ్నం వసారాలో బోర్లా పడుకొని, అద్దె దుకాణం నుంచి తెచ్చిన పుస్తకాన్ని సాయంత్రంలోగా ముగించి తిరిగి ఇచ్చివేయడం మా వేసవి దినచర్య. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ వంటి ధారావాహికలూ, ముళ్లపూడి వెంకటరమణ గారి ‘బుడుగూ’ మా సొంత ఆస్తి. అయితే పదిహేనేళ్లు వచ్చేసరికి మాకు దారి తెలియకుండా పోయేది. పిల్లల పుస్తకాలు మరీ చిన్నవైపోయేవి. పెద్దల నవలలు చేతికి అందేవి కావు. అందినా అంతుపట్టేవి కావు. నడుమ ఉన్న ఆ రెండు మూడేళ్ల వయస్సు కోసం ఎవరూ ఏమీ రాయలేదేమో అనిపించేది.

అటువంటి పుస్తకం ఒకటి ఉన్నదని నాకు యాభయ్యేళ్లు దాటిన తర్వాత తెలిసింది. తెలియజేసినవాడు నా మేనల్లుడు. నిజానికి వాడు నోరు తెరిచి చెప్పలేదు. ఆ రోజులలో వాడు ఎవరితోనూ ఏమీ చెప్పేవాడు కాదు.

మా బావ గుండెపోటుతో హఠాత్తుగా కన్నుమూసేనాటికి వాడికి పదమూడేళ్లు. కాకినాడలోని అద్దె ఇల్లు ఖాళీ చేసి, చెల్లెలూ వాడూ మా ఇంటికి వచ్చారు. ఇక్కడ వాడికి లోటు ఏమీ లేదు. అయినా వాడు మా ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలాగానే మసలేవాడు. పెట్టింది తినేవాడు, చదవమంటే చదివేవాడు, అడిగినదానికి ఒక్క మాటలో బదులు చెప్పి ఊరుకొనేవాడు. తండ్రి పేరు ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. “అన్నయ్యా, వీడు ఒక్కసారి బావురుమని ఏడ్చినా నాకు ధైర్యంగా ఉండును” అని చెల్లెలు ఎన్నోమార్లు అన్నది.

పదవ తరగతి పరీక్షలు ముగిసిన వేసవిలో, కాకినాడ నుంచి వచ్చి రెండేళ్లుగా మా మేడమీది గదిలో కట్టిపడి ఉన్న అట్టపెట్టెలను విప్పించాను. అందులో బావ పుస్తకాలు ఉన్నాయి. పైన ఉన్న ఒక సన్నని ఆంగ్ల నవలను వాడు తీసుకొన్నాడు. దాని పేరు ‘ద రూమ్ ఆన్ ద రూఫ్’, అంటే మేడమీది గది. రచయిత రస్కిన్ బాండ్. మొదటి పుటలో బావ సంతకం, దాని కింద ‘ఆబిడ్స్, 1994’ అని ఉన్నది. హైదరాబాదులో చదువుకొనే రోజులలో ఆయన ఆదివారాలు ఆబిడ్స్ కాలిబాటల మీద పాత పుస్తకాలు కొనేవాడు. ఎండకు కొలిమిలా కాగుతున్న ఆ గదిలోనే కూర్చుని వాడు పుస్తకం మొదలుపెట్టాడు. మర్నాటికి పూర్తిచేశాడు. ఆ మర్నాడు మళ్లీ మొదటినుంచి చదవసాగాడు.

వాడు నిద్రపోయిన తర్వాత ఆ పుస్తకాన్ని నేనూ తీసి చదివాను. వాణ్ణి అంతగా పట్టి కూర్చోబెట్టినది ఏమిటో అప్పుడు అర్థమయింది.

రస్కిన్ బాండ్ 1934 మే 19న కసౌలీలో, ఆంగ్లేయ సంతతికి చెందిన కుటుంబంలో జన్మించాడు. శైశవం జామ్‌నగర్‌లో, చదువు సిమ్లాలో, సెలవులు డెహ్రాడూన్‌లో గడిచాయి. అతనికి పదేళ్ల వయస్సులో తండ్రి మరణించాడు. తల్లి అప్పటికే మరొకరిని వివాహమాడింది. పాఠశాల చదువు ముగించుకొన్న కుర్రవాణ్ణి 1951లో బంధువుల దగ్గరకు, ఇంగ్లీషు కాలువలోని జెర్సీ ద్వీపానికి పంపారు. అక్కడినుంచి అతడు లండన్ చేరాడు. పగలు ఉద్యోగం, రాత్రి రచన. డెహ్రా వీధుల మీద, అక్కడి స్నేహితుల మీద బెంగతో, తన దినచర్య పుస్తకాన్ని ముందుపెట్టుకొని, పదిహేడేళ్ల వయస్సులో ఒక నవల మొదలుపెట్టాడు. దాన్ని మార్చి మార్చి రాశాడు. ఆండ్రే డాయిచ్ అనే ప్రచురణ సంస్థ ఆ నవలను స్వీకరించి 50 పౌండ్లు ముందుగా చెల్లించగా, ఆ సొమ్ముతో ఓడ టికెట్టు కొనుక్కొని 1955లో భారతదేశానికి తిరిగి వచ్చివేశాడు. నవల 1956లో వెలువడింది. ముప్పై ఏళ్లలోపు రచయితలకు ఇచ్చే జాన్ లెవెలిన్ రీస్ బహుమతి 1957లో దానికి లభించింది.

కథ చిన్నదే. రస్టీ అనే ఆంగ్లో ఇండియన్ అనాథ బాలుడు డెహ్రాలో, ఊరికి దూరంగా తెల్లవారు నివసించే పేటలో, ఒక కఠినుడైన సంరక్షకుని ఇంట ఉంటాడు. బజారుకు వెళ్లరాదని, ఊరివారితో కలవరాదని అతనికి ఆంక్ష. సోమీ, రణబీర్ అనే కుర్రవాళ్లతో స్నేహం కలుస్తుంది. ఒక హోలీ పండుగనాడు వాళ్లతో కలిసి రంగులాడి ఇంటికి వస్తాడు. సంరక్షకుడు దండించబోగా తొలిసారిగా ఎదురుతిరిగి, కట్టుబట్టలతో ఇల్లు విడిచిపెడతాడు. కిషన్ అనే పిల్లవాడికి ఇంగ్లీషు పాఠాలు చెప్పే పని దొరుకుతుంది. జీతానికి బదులు తిండి, మేడమీద ఒక గది. ఆ గది అతనికి జీవితంలో మొదటి సొంత చోటు. తర్వాత అక్కడా మృత్యువు ప్రవేశిస్తుంది. కిషన్ తల్లి కారు ప్రమాదంలో మరణిస్తుంది. తల్లిని కోల్పోయిన కిషన్ హరిద్వారంలో దొంగగా తిరుగుతుంటే, రస్టీ వెతుక్కుంటూ వెళ్లి, అతణ్ణి వెంటబెట్టుకొని డెహ్రాకు బయలుదేరుతాడు.

ఇంతకంటే విషాదమైన కథలు మనకు అనేకం ఉన్నాయి. ఈ కథ ప్రత్యేకత ఏమిటంటే, ఇందులో పెద్దవాడెవడూ ప్రత్యక్షమై నీతి బోధించడు. దుఃఖాన్ని ఎలా దిగమింగాలో చెప్పడు. పదిహేడేళ్లవాడు తన వయస్సువాళ్ల గురించి రాసిన పుస్తకం ఇది. ఇల్లు పోగొట్టుకొన్నవాడు ముందుగా కోరేది ఓదార్పును కాదని, తలుపు వేసుకొని కూర్చోగల చోటునని రచయితకు తెలుసు. మేమందరం రెండేళ్లుగా మా వాడికి ఓదార్పునే ఇస్తూ వచ్చాము.

మూడవ రోజు సాయంత్రం వాడు నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. “డెహ్రాడూన్ ఎంత దూరం మామయ్యా?” అని అడిగాడు. కొన్ని నెలల తర్వాత వాడు తానై అడిగిన మొదటి ప్రశ్న అది. మర్నాడే టికెట్లు తీసుకొన్నాను.

ఒకటిన్నర రోజుల ప్రయాణం తర్వాత ఢిల్లీ చేరి, అక్కడ మరొక రైలు ఎక్కాము. జూన్ మొదటి వారం. మైదానమంతా ఎండకు తెల్లబడిపోయి ఉన్నది. హరిద్వారంలో బండి ఆగగానే సగం పెట్టె ఖాళీ అయింది. గంగాస్నానానికి వచ్చిన కుటుంబాలు బిందెలతో, మూటలతో, పసిపిల్లలతో దిగిపోతున్నాయి. మా వాడు తలుపు దగ్గరకు వెళ్లి, బండి కదిలేదాకా ఆ జనాన్ని చూస్తూ నిలుచున్నాడు. వాడి కన్నులు ఎవరికోసం వెతుకుతున్నాయో గ్రహించాను. కిషన్ దొరికినది ఈ ఊళ్లోనే కదా.

హరిద్వారం దాటిన తర్వాత రైలు సాలవృక్షాల అడవిలో ప్రవేశిస్తుంది. మన రాజగోపాలాచారి గారి పేరిట ఏర్పడిన రాజాజీ అభయారణ్యం ఇదే. ఏనుగులు పట్టాలు దాటే చోట్ల బండి నెమ్మదిగా నడుస్తుంది. దక్షిణాన శివాలిక్ గుట్టలు, ఉత్తరాన హిమాలయాల తొలి వరుస, తూర్పున గంగ, పడమట యమున. ఈ నాలుగింటి నడుమ ఒక పొడవైన పళ్లెంలాగా డూన్ లోయ పరుచుకొని ఉంటుంది. డూన్ అనే మాటకే లోయ అని అర్థం. పదిహేడవ శతాబ్దం చివర సిక్కు గురువంశానికి చెందిన రామరాయ్ ఇక్కడ డేరా వేయడం వల్ల ఊరికి డెహ్రా అనే పేరు వచ్చిందంటారు. 1900లో ఇక్కడికి రైలు వచ్చింది. పింఛను పుచ్చుకొన్న ఆంగ్లేయ ఉద్యోగులు పెద్ద పెద్ద తోటల నడుమ బంగళాలు కట్టుకొని స్థిరపడ్డారు. రచయిత అమ్మమ్మ తాతయ్యల ఇల్లూ అటువంటిదే.

పుస్తకం చదివి ఆ ఊరు వెళ్లినవాడికి మొదట ఎదురయ్యేది ఆశాభంగం. 2000 నవంబరు 9న ఉత్తరాఖండ్ రాష్ట్రం ఏర్పడి డెహ్రాడూన్ రాజధాని అయిన తర్వాత, ఊరు అన్ని దిక్కులకూ పెరిగింది. లీచీ తోటలున్న చోట అంతస్తుల మేడలు లేచాయి. ఒకప్పుడు వీధుల పక్కన చల్లగా పారిన కాలువ మీద కప్పు వేసి రోడ్డు విశాలం చేశారు. ‘ఈస్ట్ కెనాల్ రోడ్డు’ అనే పేరు మాత్రం మిగిలింది. నీరు కనబడదు. ఆరు ముఖాల గడియార స్తంభం చుట్టూ వాహనాలు ఎడతెగకుండా తిరుగుతుంటాయి.

మా వాడు చేతిలో పుస్తకంతో నన్ను వీధివీధికీ నడిపించాడు. గడియార స్తంభం దొరికింది. అక్కడినుంచి మొదలయ్యే పల్టన్ బజారూ దొరికింది. ఇత్తడి పాత్రలు, శాలువలు, మసాలా దినుసులు, గాజులు, బాసుమతి బియ్యపు బస్తాలు. రస్టీని ఏ బజారుకు వెళ్లవద్దని శాసించారో ఆ బజారు ఇంకా అంత సందడిగానే ఉన్నది. ఒక చాట్ దుకాణం ముందు నిలబడి ఆలుగడ్డ టిక్కీలు, గోల్‌గప్పాలు తిన్నాము. కారానికి మా వాడి కళ్లవెంట నీళ్లు వచ్చాయి. “రస్టీకి కూడా అలవాటు లేదు” అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. అది సంభాషణలో వాడు తనంతట తాను చేర్చిన మాట. నేను విననట్లుగా మరొక టిక్కీ అడిగాను.

దొరకనిది గది. ఏ ఇల్లు, ఏ వీధి, ఏ మేడ? బజారులో ఒక పాత పుస్తకాల దుకాణంలో కూర్చున్న వృద్ధుణ్ణి అడిగాను. ఆయన మా వాడి చేతిలోని పుస్తకం చూసి నవ్వాడు. “ఏటా వేసవిలో ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కొక్క మేడ చూపిస్తారు. నేను ఏదీ చూపించను” అన్నాడు హిందీలో. తర్వాత మా వాడి వైపు తిరిగి, “నీకు కనపడిన గది ఏదో అదే ఉంచుకో, బేటా” అన్నాడు.

ఆ మాట వాడికి తృప్తి కలిగించలేదు. రాజ్‌పూర్ రోడ్డులోని బసకు తిరిగి వచ్చి, ఆకులతో సహా గుత్తిగా కట్టి అమ్మిన లీచీ పండ్లను ముందుపెట్టుకొని మౌనంగా ఒలుస్తూ కూర్చున్నాడు. “ఇక్కడ ఏమీ లేదు మామయ్యా” అన్నాడు చివరికి.

నేను వాడికి రచయిత స్వయంగా తిరిగి వచ్చిన రోజుల సంగతి చెప్పాను. నాలుగేళ్లు కలగన్న డెహ్రాకు ఆయన ఇరవై ఒక్క ఏళ్ల వయస్సులో వచ్చేసరికి అమ్మమ్మ ఇల్లు పరులపాలయింది. తల్లి కుటుంబం ఢిల్లీకి వెళ్లిపోయింది. ఆయన ఆస్ట్‌లీ హాల్ ప్రాంతంలో, ఒక దుకాణం పైన ఉన్న గదిలో ఒంటరిగా కాపురం పెట్టి, పత్రికలకు కథలు పంపుకొంటూ బతికాడు. ఆ రోజులలోనే ‘ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా’ అతని నవలను మారియో మిరాండా బొమ్మలతో ధారావాహికగా ప్రచురించింది. అంటే, నవలలో రస్టీకి మేడమీది గది ముందు దొరికింది. రచయితకు అటువంటి గది తర్వాత దొరికింది. “కలం పట్టుకొని ముందు గది కట్టుకొన్నాడు, ఆ తర్వాత వచ్చి అందులో ఉన్నాడు” అన్నాను. వాడు ఏమీ అనలేదు. లీచీలు మాత్రం నా వైపు జరిపాడు.

మర్నాడు ఉదయం ముస్సోరీ బయలుదేరాము. డెహ్రాడూన్ నుంచి 35 కిలోమీటర్లు. మోటారు రోడ్డు లేని కాలంలో ప్రయాణికులు రాజ్‌పూర్ దగ్గర బండ్లు దిగి, గుర్రాల మీదనో, మనుషులు మోసే డోలీలలోనో కొండ ఎక్కేవారు. నేడు వేసవి సెలవులలో ఆ మలుపులన్నీ కార్లతో నిండిపోతున్నాయి. మా కారు కొండ మీద గంటన్నర సేపు అంగుళం కదలలేదు. చివరకు డ్రైవరుకు డబ్బు చెల్లించి, సంచులు భుజాన వేసుకొని నడక సాగించాము. తర్వాత ఆలోచిస్తే, ఆ ఇబ్బంది మాకు మేలే చేసింది. ఎదురెదురుగా కూర్చుంటే పెదవి కదపని పిల్లవాడు, పక్కపక్కన నడుస్తూ ఉంటే మాట్లాడతాడని ఆ రోజు తెలుసుకొన్నాను.

ముస్సోరీ బజారు దాటి పైకి ఎక్కితే లాండౌర్ వస్తుంది. 1827లో బ్రిటిష్ సైనికులు జబ్బుపడితే కోలుకోవడానికి ఏర్పరచిన స్థలం ఇది. వేల్స్ దేశంలోని ఒక పల్లె పేరు మీద ఈ పేరు వచ్చిందని చెబుతారు. బజారు వెంబడి సన్నని రోడ్డు, రెండువైపులా పాత కొయ్య ఇళ్లు. అది కూడా దాటితే దేవదారు వృక్షాల నీడ, వాటి మధ్య పొగమంచు. మైదానంలో ఒళ్లు కాలే ఎండను అనుభవించి వచ్చిన మేము ఇక్కడ స్వెట్టర్లు తీయవలసి వచ్చింది. 1960ల మొదటి సంవత్సరాలలో ఢిల్లీ ఉద్యోగం విడిచిపెట్టి, రచనే వృత్తిగా ఈ కొండ మీద నివాసం ఏర్పరచుకొన్న రస్కిన్ బాండ్ దశాబ్దాలపాటు లాండౌర్‌లోని ఐవీ కాటేజ్‌లో జీవించాడు. వివాహం చేసుకోలేదు. పనికి సాయంగా వచ్చిన గఢ్వాలీ కుటుంబమే క్రమంగా ఆయన సొంత కుటుంబం అయింది. ఇల్లు లేక బెంగపడిన కుర్రవాడి చుట్టూ తరతరాల పిల్లలు పెరిగారు.

పదిహేనేళ్లవారు ఇష్టంగా చదవదగిన ఆయన పుస్తకాలు అనేకం ఉన్నాయి. ‘వేగ్రంట్స్ ఇన్ ద వ్యాలీ’ రస్టీ కథకు కొనసాగింపు. ‘యాంగ్రీ రివర్’లో వరదలో చిక్కుకొన్న సీత అనే బాలిక ధైర్యం కనిపిస్తుంది. ‘ఎ ఫ్లైట్ ఆఫ్ పిజియన్స్’ 1857 నాటి షాజహాన్‌పూర్ కథ. దాని ఆధారంగా వచ్చిన ‘జునూన్’ చిత్రానికి శ్యామ్ బెనెగల్ దర్శకత్వం వహించాడు. ‘ద బ్లూ అంబ్రెల్లా’ను విశాల్ భరద్వాజ్ 2005లో చిత్రంగా మలిచాడు. చిరుతపులి గోళ్ల తాయెత్తు ఇచ్చి నీలి గొడుగు సంపాదించుకొన్న బిన్యా అనే కొండ పిల్ల, ఆ గొడుగు మీద ఆశపడి ఊరి దృష్టిలో చులకనైపోయిన ముసలి దుకాణదారుకు చివరకు దాన్ని తానే ఇచ్చివేస్తుంది. రచయితకు 1992లో సాహిత్య అకాడమీ పురస్కారం, 1999లో పద్మశ్రీ, 2014లో పద్మభూషణ్, 2021లో అకాడమీ విశిష్ట సభ్యత్వం లభించాయి. ఈ గౌరవాలకంటే, చాలా ఏళ్లపాటు శనివారం సాయంత్రాలు ముస్సోరీ మాల్ రోడ్డులోని కేంబ్రిడ్జ్ బుక్ డిపోలో ఆయన సంతకం కోసం బారులు తీరిన పిల్లలే ఆయన స్థానాన్ని బాగా తెలియజేస్తారు.

నడుస్తూ నడుస్తూ మా వాడు అడిగాడు. “వాళ్ల నాన్న పోయినప్పుడు ఆయన దగ్గర ఉన్నాడా?”

నేను తెలిసినది తెలిసినట్లు చెప్పాను. తండ్రి ఆబ్రీ బాండ్ వైమానిక దళంలో పనిచేసేవాడు. కొడుకును కొంతకాలం ఢిల్లీలో తనతోనే ఉంచుకొన్నాడు. ఇద్దరూ కలిసి తపాలా బిళ్లలు అతికించుకొనేవారు, సినిమాలకు వెళ్లేవారు, పుస్తకాల దుకాణాలు తిరిగేవారు. తర్వాత కొడుకు సిమ్లా వసతి పాఠశాలకు వెళ్లాడు. తండ్రికి కలకత్తా బదిలీ అయింది. 1944లో అక్కడే జబ్బుపడి మరణించాడు. బాలుడికి ఆ వార్త ఒక ఉపాధ్యాయుడు చెప్పాడు. కడసారి చూపు లేదు. తండ్రి రాసిన ఉత్తరాలలో ఒక్కటి మాత్రం, ఆ ఆగస్టులో రాసినది, అతని దగ్గర మిగిలింది. ‘మై ఫాదర్స్ ట్రీస్ ఇన్ డెహ్రా’ అనే కథ ఉన్నది. అందులో ఎదిగిన కొడుకు చాలా ఏళ్ల తర్వాత డెహ్రాకు వచ్చి, తానూ తండ్రీ కలిసి ఎండిన ఏటి నడుమ దిబ్బ మీద నాటిన మొక్కలు ఏమైనాయో చూడబోతాడు. అవి చిన్న అడవిగా పెరిగి ఉంటాయి.

చాలా దూరం వాడు తలవంచుకొని నడిచాడు. “నాన్న ఈ పుస్తకం చదివాడా? లేక కొని ఊరికే పెట్టుకొన్నాడా?” అన్నాడు.

“నాకు తెలియదురా. అమ్మకు తెలిసి ఉంటుంది.”

సెయింట్ పాల్స్ చర్చి పక్కన చార్ దుకాన్ అనే చోటు ఉన్నది. పేరుకు తగినట్లే కొన్ని చిన్న దుకాణాల వరుస. అక్కడ టీ, పరాఠాలు, మ్యాగీ దొరుకుతాయి. వాడు నా ఫోను అడిగి తీసుకొని, రోడ్డు అవతల దేవదారు కింద గట్టు మీద కూర్చున్నాడు. నేను టీ తాగుతూ కావాలని మరొక వైపు చూశాను. పొగమంచు చెట్లమీదికి ఎక్కి మళ్లీ లోయలోకి జారింది. ఒక టీ చల్లారింది; మరొకటి తెప్పించుకొన్నాను. వాడు అరగంట మాట్లాడాడు. తిరిగి వచ్చినప్పుడు వాడి కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఈసారి అది మిరపకాయ కారం కాదు.

“నాన్న చదివాడట మామయ్యా. పెళ్లయిన కొత్తలో కాకినాడలో, రాత్రిపూట డాబామీద కూర్చుని, అమ్మకు తెలుగులో చెప్పేవాడట. రోజూ కొంచెం. కిషన్ వాళ్లమ్మ పోయే చోటు వచ్చాక అమ్మ ఇక వద్దన్నదట. అక్కడితో ఆపేశారట.” కొంచెం ఆగి, “అమ్మకు చివర తెలియదు” అన్నాడు.

మధ్యాహ్నం దిగివచ్చేటప్పుడు ఐవీ కాటేజ్ ఉన్న మలుపు దగ్గర ఒక కుటుంబం ఫోటోలు తీసుకొంటూ ఉన్నది. “తలుపు తట్టుదామా?” అని అడిగాను. అంత దూరం వచ్చి చూడకుండా పోవడం నాకే మనస్సొప్పలేదు. వాడు ఆ ఇంటి వైపు కొంతసేపు చూశాడు.

“వద్దు మామయ్యా” అన్నాడు. “అది ఆయన గది కదా.”

ఒక పుస్తకం పదిహేనేళ్లవాడికి ఏమి నేర్పగలదో ఆ ఒక్క మాటలో నాకు తెలిసింది. తనకొక చోటు కావాలని ఎరిగినవాడు, ఇతరుల చోటును గౌరవిస్తాడు. వాడు కెమెరా తీయలేదు. లాండౌర్ బజారులో తల్లికొక ఊలు శాలువ కొనమని మాత్రం నన్ను అడిగాడు. జూన్ నెలలో రాజమహేంద్రవరంలో ఊలు శాలువ ఏమి చేసుకొంటుందని నేను అనలేదు.

ఇల్లు చేరిన మర్నాడు వాడు నా దగ్గరకు వచ్చాడు. “మేడమీది గది నేను తీసుకోనా మామయ్యా?” అని అడిగాడు. ఇద్దరం కలిసి రెండు రోజులు శ్రమపడి శుభ్రం చేశాము. విరిగిన కుర్చీలు, పాత డబ్బాలు కిందికి దించాము. గోడలకు సున్నం వేయించాము. ఒక మంచం, ఒక బల్ల, ఒక పంకా. బావ పుస్తకాలను వాడే అలమరలో తన ఇష్టప్రకారం సర్దుకొన్నాడు. గదికి ఒక గడియ పెట్టించాను, లోపలివైపు.

మా వాడు అంతటితో మాటకారి అయిపోయాడని చెబితే అబద్ధమవుతుంది. ఇప్పటికీ మితభాషే. కొన్ని రోజులు కిందికే దిగడు. అయితే ఇప్పుడు వాడి మౌనం మాకు భయం కలిగించదు. అది తలుపు వేసుకొన్న గదిలో మనిషి ఉన్నాడని తెలిసినప్పటి మౌనం.

తొలకరి వానలు మొదలైన ఒక రాత్రి నీళ్లు కారుతున్నాయేమో చూద్దామని మేడ మెట్లెక్కాను. గది తలుపు ఓరగా తెరిచి ఉన్నది. లోపల చెల్లెలు చాప మీద కూర్చుని గోడకు ఆనుకొని ఉన్నది. వాడు బల్ల దగ్గర పుస్తకం తెరిచిపెట్టుకొని, ఇంగ్లీషు వాక్యం మీద వేలు ఉంచి, దాన్ని తెలుగులో వెతుక్కుంటూ చెబుతున్నాడు. కొన్ని చోట్ల ఆగుతున్నాడు. మాట దొరకనప్పుడు చెల్లెలు అందిస్తున్నది. రస్టీ హరిద్వారంలో కిషన్‌ను వెతుకుతున్నాడు. బావ ఎక్కడ ఆపాడో, ఆ తర్వాతి కథ అది.

నేను చప్పుడు చేయకుండా మెట్లు దిగి వచ్చాను.